మన పువ్వు మనమే పెంచుకుందాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



ప్రతి ఏడు ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, వాపసు ఎంత అని లెక్కలు చదువుకుంటాం. ఈసారి అధ్యక్షురాలు అక్క నాతోని, "లెక్కలు మేము చదువుతం గాని, నువ్వు మీ ఇంటి ముందల తంగేడు చెట్ల సంగతి చెప్పు" అన్నది. చెట్ల గురించి చెప్పేంత చదువు నాకు లేదు. నేను పదో తరగతి వరకే చదివిన. నేను చేసింది, నేను తప్పు చేసింది, రెండూ చెప్తా. తప్పు చెప్పకపోతే మీకు పనికిరాదు.

నా తల్లిగారిల్లు పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కల్వకుర్తి దిక్కు. అత్తగారిల్లు నల్లగొండ జిల్లాలో దేవరకొండ దిక్కు. రెండు దిక్కులా ఒక్కటే నేల. ఎర్ర చెలకలు, గుట్టలు, వాన వస్తే పంట, రాకపోతే వలస. మా అమ్మానాయిన మట్టిపనికి బొంబాయి పోయిన ఏండ్లల్ల నేను నాయనమ్మ దగ్గర పెరిగిన. బతుకమ్మ వచ్చిందంటే పొద్దుపొద్దుగాల నాయనమ్మ ఎంట చెలకల పొంటి పోయేది. గునుగు, తంగేడు, కట్ల పువ్వు ఒడి నిండ తెచ్చేది. పైసా ఖర్చు లేదు. ఎవరిని అడిగేది లేదు. ఎండకు ఎండినా వానకు తడిసినా ఎవ్వరూ నీళ్ళు పోయకున్నా పసుపుపచ్చగా పూసేది తంగేడే. 2014లో రాష్ట్రం వచ్చినప్పుడు రాష్ట్ర పుష్పంగా పెట్టుకున్నది కూడా దాన్నే. పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడు, ఈ నాలుగు మన గుర్తులు.

ఇక 2019ల ఏమైందో చెప్తా. సద్దుల బతుకమ్మ నాడు నేను, నా బిడ్డ పొద్దున్నే పువ్వుకు పోయినం. అప్పుడు అది మూడో తరగతి. ఊరి బయట కుంట దగ్గర తంగేడు పొదలు ఉండేటియి. పోయి చూస్తే అక్కడ జేసీబీతోని సదును చేసి, తెల్లరాళ్ళు పాతి, ప్లాట్లు చేసిన్రు. ఇంకో దిక్కు పోతే పత్తిచేన్ల గట్లకు గడ్డిమందు కొట్టి, గునుగు కూడా మాడిపోయి ఉన్నది. తిరిగి తిరిగి ఒక గంపల పావు వంతు పువ్వు దొరికింది. ఇక తప్పక అంగడికి పోయినం. అక్కడ చిన్న కట్ట ఇరవై రూపాయలు అన్నడు. వాడిపోయి ఉన్నది. ఐదు కట్టలు కొన్న. నా బిడ్డ అడిగింది, "అమ్మా, చెలకల పువ్వును కూడా కొంటరా?" అని. నాకు జవాబు రాలేదు.

ఆ వంద రూపాయలు పెద్ద పైసలు కావు. కానీ సంఘంల వారానికి ఇరవై రూపాయల పొదుపు కట్టనీకె ఎన్ని మాటలు మాట్లాడుకుంటమో మనకు తెలుసు. ఐదు వారాల పొదుపు అంగట్ల పువ్వుకు పోయింది.

చెట్టు పెట్టిన తీరు, పడ్డ తిప్పలు

మొదటి తప్పు. మరుసటి ఏడు వానలు పడంగనే గుట్ట పొంటి పోయి, నడుము ఎత్తు ఉన్న తంగేడు చెట్లు ఆరు తవ్వుకొచ్చి ఇంటి ముందల పెట్టిన. పది రోజులల్ల ఆరూ ఎండిపోయినయ్. మా అత్తమ్మ చూసి, "ఏందే పిల్లా, దాని తల్లివేరు తెంపుకొని వస్తే అది ఎట్ల బతుకుతది?" అన్నది. తంగేడు వేరు నేలలోకి సూటిగా లోతుకు పోతది. అందుకే నీళ్ళు లేకున్నా బతుకుతది. ఆ వేరు తెగితే మాత్రం పోతది. అంటే పెద్ద చెట్టును తవ్వి తేవద్దు. అట్ల చేస్తే ఇక్కడ ఒకటి బతకది, అక్కడ ఒకటి మిగలది.

రెండో తప్పు. చలికాలంల కాయలు ఎండినయ్. తంగేడు కాయ సన్నగ, చపాతీ తీరు ఒత్తినట్టు ఉంటది. ఎండితే గోధుమరంగుకు వస్తది. గింజలు ఒలుచుకొని, మార్చిలో నలభై గింజలు సంచులల్ల పెట్టిన. రెండే మొలిచినయ్. గింజ పైన తోలు గట్టిగా ఉంటది, నీళ్ళు లోపలికి పోవు. అడవిల అయితే వానకు ఎండకు నాని, ఎండి, ఏడాదికో రెండేండ్లకో మొలుస్తది. మనకు అంత ఓపిక ఎక్కడిది?

మళ్ళ చేసిన. నీళ్ళు మసలబెట్టి, పొయ్యి మీదినుంచి దించి, ఒక్క నిమిషం ఆగి, గింజలు అందులో వేసి, తెల్లారేదాక అట్లనే ఉంచిన. పొద్దున చూస్తే మస్తు గింజలు ఉబ్బినయ్. ఉబ్బనియి తీసి మళ్ళ ఒకసారి అట్లనే వేసిన. ఈసారి సగం కంటే ఎక్కువ మొలిచినయ్. గుర్తుంచుకోండి, మసిలే నీళ్ళల్ల పొయ్యి మీద ఉడకబెట్టొద్దు. గింజ చచ్చిపోతది.

సంచి మట్టి ఎట్ల కలపాలంటే రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగ మాగిన పశువుల పెంట. గింజ ఏలి గోరంత లోతు పెట్టాలె. సంచి పొడుగ్గా ఉన్నది తీసుకోవాలె. పొట్టి సంచిల వేరు అడుగుకు తాకి సుట్ట సుట్టుకుంటది. మొక్క జానెడు రాంగనే, రెండు మూడు నెలలలోపే నేలల పెట్టాలె. మృగశిరల ఒక వాన పడి నేల తడిస్తే, ఆరుద్ర కార్తెల పెట్టుకోవాలె. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంత చాలు. చెట్టుకు చెట్టుకు నాలుగైదు అడుగుల ఎడం ఉండాలె. ఎండ మంచిగ తగిలే జాగ చూడాలె. నీడకు పెడితే పొడుగ్గా పెరుగుతది గాని పువ్వు పూయది. నీళ్ళు నిలిచే జాగ అసలే పనికిరాదు.

మొదటి ఎండాకాలం మాత్రం వారానికి ఒకసారి రెండు చెంబులు పోయాలె. ఇల్లు కడిగిన నీళ్ళు, చేతులు కడిగిన నీళ్ళు చాలు. ఆ ఎండాకాలం దాటిందంటే ఇక నీళ్ళు అడగది. పశువులు కూడా అంతగా ముట్టవు కాబట్టి పెద్ద కంచె పని లేదు. యూరియా వేయొద్దు. వేస్తే ఆకు బలుస్తది, పువ్వు తగ్గుతది.

మందు కొట్టిన రోజు

2021 వానకాలంల పెట్టిన పద్నాలుగు మొక్కలు బతికినయ్. 2022ల నా నడుము ఎత్తుకు వచ్చినయ్. మంచిగ చిగుర్లు వేసినయ్, ఈ బతుకమ్మకు పువ్వు ఖాయం అనుకున్న. ఒక పొద్దు చూస్తే ఆకులు తిని, ఈనెలు మిగిలినయ్. దగ్గరికి పోయి చూస్తే పచ్చ పురుగులు. పక్కపొంటి తెల్లగీత, మీద నల్లని సన్న చుక్కలు. ఒక్కో కొమ్మకు ఐదారు.

నాకు కోపం వచ్చింది. ఇంట్ల పత్తికి తెచ్చిన మోనోక్రోటోఫాస్ సీసాల కొంచెం మిగిలి ఉన్నది. మా ఆయన చేనుకు పోయిండు. ఎవ్వరినీ అడగలే. చిన్న పంపుల కలిపి పద్నాలుగు చెట్లకూ కొట్టిన. పురుగులు టపటప రాలినయ్. "పీడ పోయింది" అనుకొని అంతర్గత అప్పు పుస్తకం రాసుకుంట కూసున్న.

నా కోళ్ళ సంగతి మీకు చెప్పాలె. ఆ ఏడే సంఘంల ఐదు వేలు అంతర్గత అప్పు తీసుకొని పదకొండు నాటు కోడిపెట్టలు పెంచుతున్న. గుడ్లమ్మి నెలనెల కిస్తు కడుతున్న. పగటీలి నేను అన్నం తిని బయటికి వచ్చేసరికి కోళ్ళు చెట్ల కింద రాలిన పురుగులను ఏరుకొని తింటున్నయ్. తరిమిన. అప్పటికే ఆలస్యమైంది. సాయంత్రానికి రెండు తల వాల్చినయ్. తెల్లారేసరికి ఎనిమిది చచ్చినయ్.

దానికంటే ఎక్కువ భయం ఇంకొకటి. నా చిన్న కొడుక్కు అప్పుడు నాలుగేండ్లు. వాడు ఆ చెట్ల కిందనే మట్టిల ఆడుతడు. అత్తమ్మ మందు వాసన పసిగట్టి వాన్ని ఎత్తుకపోయి, సబ్బుతోని ఒళ్ళంతా కడిగింది. బట్టలు ఇప్పించింది. అయినా భయానికి రాత్రి దేవరకొండకు తీసుకపోయి డాక్టరుకు చూపించినం. వానికి ఏం కాలే. ఆ రాత్రి మాత్రం నేను కన్ను మూయలే.

తరువాత తెలుసుకున్న. ఆ మందు పక్షులకు చాన విషమట. దాన్ని కూరగాయల మీద కొట్టొద్దని మన దేశంల 2005లనే నిషేధం పెట్టిన్రు. 2013ల బీహార్‌ సారణ్ జిల్లాల ఒక బడిల మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిన్రు కదా, అన్నంల కలిసింది గీ మందే. అసొంటిది నేను ఇంటి గుమ్మం ముందల, పిల్లగాడు ఆడే కాడ కొట్టిన. చదువు రాని అత్తమ్మ వద్దన్న పని చదువుకున్న నేను చేసిన.

ఆ నెల సంఘం సమావేశంల నేను లేచి నిలబడి, "నా కిస్తు ఈ నెల రాదు, కోళ్ళు నా తప్పుతోనే చచ్చినయ్" అని చెప్పిన. లీడర్‌ను కాబట్టి ఎట్లనో సర్దేస్తే ఎవ్వరూ అడగకపోవచ్చు. కానీ లీడర్‌కు ఒక న్యాయం, సభ్యురాలికి ఒక న్యాయం ఉంటే ఆ సంఘం నిలబడది. తీర్మానం ప్రకారం జరిమానా పది రూపాయలు కట్టిన. పుస్తకంల నా చేతితోనే రాసిన. సమావేశం అయినంక ఒక అక్క తన పొదుగు కోడిని, కింద గుడ్లతోసహా తెచ్చి ఇచ్చింది. "పిల్లలు పెద్దగైతే నా కోడి నాకియ్యి" అన్నది. ఆ అక్క ఈ సభల ఉన్నది. పేరు చెప్తే కోప్పడతది.

పురుగు ఎవరి బిడ్డ?

కోళ్ళను బొందపెట్టి వచ్చినంక అత్తమ్మ ఒక మాట అన్నది. "అది తంగేడు పురుగు. దాన్ని తిననిస్తే రెక్కలొచ్చి పోతది. చెట్టు మళ్ళ చిగురేస్తది. నువ్వు చిన్నప్పుడు ఎన్నడు చూడలేదా?"

నిజంగనే ఎన్నడు చూడలే. మరుసటి ఏడు పురుగు వచ్చినప్పుడు నేను, నా బిడ్డ ఓపిక పట్టి చూసినం. ముందుగాల తెలుపు మీద కొంచెం పచ్చ కలిసినట్టుండే సీతాకోకచిలుక వస్తది. లేత చిగురు మీద వాలి, తోక వంచి, ఒక్క గుడ్డు పెట్టి లేస్తది. మళ్ళ ఇంకో ఆకు మీద ఒక్కటి. గుడ్డు తెల్లగ, బియ్యపు నూక నిలబెట్టినట్టు ఉంటది. మూడు నాలుగు రోజులకు పగులుతది. పురుగు రెండు మూడు వారాలు తింటది. అటెన్క ఆకు కింద ఒక సన్న దారంతోని నడుముకు కట్టుకొని, పచ్చటి గూడు అయి, కదలకుండ ఉంటది. ఓ వారం పదిరోజులకు ఆ గూడు పల్చగై లోపల రెక్క కనవడతది. ఒక పొద్దుగాల అది పగిలి, తడి రెక్కలతోని బయటికి వచ్చి, రెక్కలు ఆరేదాక ఏలాడి, ఎగిరిపోతది. అంతా నెలరోజుల లోపల పని. నా బిడ్డ తన నోటుబుక్కుల తారీకులేసి రాసింది. నేను సంఘం పుస్తకం రాసినట్టే.

చెట్టుకు ఏమైందంటారా? సగం ఆకు పోయింది. తరువాత రెండు వానలు పడంగనే మళ్ళ చిగురేసింది. బతుకమ్మకు కొమ్మ కొమ్మకు పువ్వే. నేను మందు కొట్టిన ఏడు కంటే ఎక్కువ పూసింది. ఆ ఏడు పురుగు చావంగ నాకు మిగిలిన లాభం ఏం లేదు. పోయింది మాత్రం ఎనిమిది కోళ్ళు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్తా, వింటే నవ్వుతరు. సీతాకోకచిలుక తంగేడు దగ్గరికి తేనెకోసం రాదు. తంగేడు పువ్వుల తేనెనే ఉండదు. అది వచ్చేది గుడ్డు పెట్టనీకె. అది ఆమెకు పురుడు పోసుకునే ఇల్లు, తల్లిగారిల్లు అన్నట్టు. తేనె మాత్రం వేరే ఇంట్ల తాగుతది. గడ్డి చామంతి, బంతి, బిళ్ళగన్నేరు, తులసి, నూరువరహాలు, వీటి దగ్గర తాగుతది. కాబట్టి తంగేడు ఒక్కటి పెడితే సాలదు. పక్కన నాలుగు బంతి మొక్కలు, ఒక తులసి ఉండాలె. బోరింగు దగ్గర, మోరీ దగ్గర తడి మట్టి ఉంటే మధ్యాహ్నం పూట గుంపుగ వచ్చి ఆ తడి పీల్చుకుంటయ్. దానికి ఖర్చు లేదు.

మరి తంగేడు పువ్వుకు వచ్చేది ఎవరంటే తుమ్మెద. నల్లగ, పెద్దగ ఉండే కట్టె తొలిచే తుమ్మెద. పువ్వు మీద వాలి ఝుమ్మని ఊపుతది. అట్ల ఊపితేనే పువ్వు మధ్యల ఉన్న గొట్టాల నుంచి పుప్పొడి రాలుతది. మన వంకాయ, టమాట పువ్వులు కూడా ఇదే తీరు. వాటి పుప్పొడి కూడా సన్న తూట్లనుంచే రాలాలె, ఊపితే మంచిగ రాలుతది. పెరట్ల వంగ, టమాట పెట్టుకునే అక్కలు ఇది మనసుల పెట్టుకోవాలె. తుమ్మెద మన దగ్గర ఉండాలంటే దానికి పువ్వు కావాలె, మందు ఉండొద్దు.

ఇంగ్లండు దిక్కు ఇండ్ల ముందు బడ్లియా అనే చెట్టు పెడతరట. చైనా నుంచి వచ్చిన చెట్టు. పొడుగు గుత్తులు, నిండ తేనె. దాన్నే సీతాకోకచిలుక చెట్టు అంటరు. అయితే తేనె ఇస్తది గాని, చాల సీతాకోకచిలుకల పురుగులు దాని ఆకు తినవు. అంటే చుట్టాలు వచ్చి చాయ తాగి పోవుడే, బిడ్డలు పెరగరు. అమెరికాల మోనార్క్ అనే సీతాకోకచిలుక ఉన్నది. దాని పురుగు మన జిల్లేడు కుటుంబంల ఉండే ఒక పాలమొక్క ఆకే తింటది. చేన్లల్ల గడ్డిమందులతోని ఆ మొక్కలు తగ్గిపోతే, ఇప్పుడు జనం ఇండ్ల ముందల, రోడ్ల పొంటి ఆ మొక్కనే పెడుతున్రు. మన ఊర్ల గునుగు, తంగేడు తగ్గిన కథ కూడా అసొంటిదే. పైసలు పెట్టి నర్సరీల ఏదో దేశం చెట్టు కొనే పని మనకు లేదు. మన సీతాకోకచిలుక చెట్టు మన గుట్ట మీదనే ఉన్నది.

అక్కలు అడిగే ప్రశ్నలు

"అన్ని పురుగులను ఇట్లనే వదిలేయాల్నా?" అని అడుగుతరు. లేదక్కా. ఆముదంల దాసరి పురుగు, ఎర్ర గొంగళి పురుగు పంటను ముంచుతయ్. అవి వేరే సంగతి. మన పాలమూరు చేన్లల్ల ఆముదం వేసిన వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. పంటల పురుగును వ్యవసాయ అధికారి చెప్పినట్టు చూసుకోవాలె. ఇంటి ముందల పువ్వు చెట్టు మీద పురుగుకు మాత్రం మందు వద్దు.

"కరివేపాకు, నిమ్మచెట్టు మీద పురుగు సంగతి ఏంది?" అది కూడా సీతాకోకచిలుక బిడ్డనే. చిన్నగ ఉన్నప్పుడు పిట్ట రెట్ట తీరు ఉంటది. పెద్దగైతే పచ్చగైతది. ముట్టుకుంటే తల మీద నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీసి, ఘాటు వాసన కొడతది. పిల్లలకు చూపిస్తే సంబరపడతరు. అది కుట్టది, విషం లేదు. మా ఇంట్ల కరివేపాకు చెట్లు రెండు ఉన్నయ్. ఒకటి మాకు, ఒకటి వాటికి. మా చెట్టు మీద కనవడితే ఆకుతోసహా తెంపి ఆ చెట్టు మీద పెడత. కానీ నకిరేకల్ దిక్కు నిమ్మతోటలు, మన బత్తాయి తోటలు ఉన్న అక్కలకు అది నష్టమే. లేతమొక్కలు ఉన్నప్పుడు తోటల చేత్తోని ఏరేయాల్సిందే. నేను కాదనను.

"తలంబ్రాల చెట్టు మీద కూడా సీతాకోకచిలుకలు మస్తుగ వాలుతయ్ కదా, అది పెట్టొచ్చా?" వద్దు. దాన్ని పెడితే ఆగది. గట్లు, గుట్టలు అంత కమ్ముతది. పశువులు తింటే రోగమొస్తది. ఇప్పటికే ఉన్నదే ఎక్కువ.

"తంగేడు పువ్వు చాయ తాగితే షుగరు పోతదంట కదా?" ఈ ప్రశ్న ప్రతి ఊర్ల అడుగుతరు. ఎవరి అలవాటు వాళ్ళది. కాని డాక్టరు రాసిన గోలీలు బంద్ చేసి చాయ తాగుడు మాత్రం చేయొద్దు. ఇది చేతులు జోడించి చెప్తున్న.

చెట్టుకు పంచసూత్రాలు

మన సంఘానికి పంచసూత్రాలు ఉన్నయ్ కదా. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాపసు, పుస్తకం. చెట్టుకు కూడా నేను అట్లనే ఐదు పెట్టుకున్న, యాదికి ఉంటయని.

ఒకటి, వారానికి ఒకసారి చెట్టు దగ్గర నిలబడి చూడాలె. ఆకు కింద కూడా చూడాలె. ఇది సమావేశం.

రెండు, పువ్వు అంత తెంపొద్దు. ప్రతి చెట్టుకు రెండు మూడు కొమ్మలు కాయకు వదిలిపెట్టాలె. ఇది పొదుపు. కాయ ఉంటేనే వచ్చే ఏడు గింజ.

మూడు, పురుగుకు కొంత ఆకు ఇయ్యాలె. ఇది అప్పు.

నాలుగు, ఆ అప్పును చెట్టు వానకు చిగురేసి తిరిగి ఇస్తది. మన వంతుగ మనం చేయాల్సింది కొమ్మలు కత్తిరించుడు. కాయలు ఏరుకున్నంక, సంక్రాంతి దాటినంక, ప్రతి కొమ్మను మూడో వంతు కొట్టెయ్యాలె. తంగేడు కొత్త కొమ్మల చివరనే గుత్తిగ పూస్తది. కొట్టకపోతే చెట్టు ముదిరి, పైన రెండు పువ్వులే ఉంటయ్. కొట్టిన కొమ్మలు పారేయొద్దు, ఆకు పాదుల్ల వేస్తే ఎరువు. పుల్లలు పండ్లు తోమనీకె అత్తమ్మకు.

ఐదు, రాసుకోవాలె. ఏ నెల పెట్టినం, ఎన్ని బతికినయ్, ఎప్పుడు పూసినయ్ అని. నా బిడ్డ పుస్తకం చూసే ఈ మాటలన్నీ నేను మీకు చెప్పగలుగుతున్న. లేకుంటే సగం మర్చిపోదును.

లెక్క ఎంత?

మనది సంఘం కాబట్టి లెక్క చెప్పకుండ ముగించొద్దు. ఈ చెట్టుతోని లక్షలు రావు. అట్ల చెప్తే అబద్ధం. నిరుడు మా సంఘంల పన్నెండు మందిమి అంగట్ల తంగేడు కొనలే. మా బజారుల బతుకమ్మలన్నీ మా చెట్ల పువ్వుతోనే పేర్చినం. మిగిలిన పువ్వును నలుగురం కలిసి తొమ్మిది రోజులల్ల మూడుసార్లు అంగడికి పంపినం. ఆటో కిరాయి పోను 1,340 రూపాయలు మిగిలినయ్. అందులో సగం సంఘం పొదుపుల కలిపినం. ఒక్కొక్కరం దాచుకున్న గింజలు అడిగినోళ్ళకు ఉత్తగ ఇచ్చినం.

కోళ్ళ అప్పు కూడా తీరింది. రెండు నెలలు ఆలస్యంగ తీరింది. అక్క కోడి అక్కకు ఇచ్చిన, ఇంకో పెట్టను కూడా తోడిచ్చిన.

సభ ముందు మూడు మాటలు పెడుతున్న. మీరు సరే అంటే తీర్మానం రాసుకుందాం.

మొదటిది, ప్రతి గ్రామ సంఘం వచ్చే చలికాలంల తంగేడు గింజ ఒక డబ్బెడు ఏరి పెట్టుకోవాలె. మార్చిల మొలకెత్తించి, సంఘానికి పది మొక్కల చొప్పున పంచుకోవాలె.

రెండోది, ఊరి పంచాయతీ నర్సరీల టేకు, నీలగిరి, రోజా మొక్కలతోపాటు తంగేడు సంచులు కూడా పెట్టుమని గ్రామసభల అడగాలె. ఆ నర్సరీల పని చేసేది మనమే కదా. పల్లె ప్రకృతి వనం చుట్టూ, బడి గోడ పొంటి, అంగన్‌వాడీ ముందల, వైకుంఠధామం దారిల పెట్టిద్దాం. ఊరి భూమిల ఉన్న పాత పొదలను సదును చేసే ముందు గ్రామసభకు చెప్పాలని కూడా అడుగుదాం. గుట్ట మీద ఉన్నది కాపాడుకునుడు కొత్తది పెట్టుడు కంటే సులువు.

మూడోది, ఇంట్ల మిగిలిన పురుగుమందు సీసా పెరట్ల, దంతె మీద, పిల్లలకు అందే కాడ పెట్టొద్దు. చేనుకు తెచ్చిన మందు ఇంటి చెట్ల మీద కొట్టొద్దు. ఇది నా ఎనిమిది కోళ్ళు నాకు నేర్పిన పాఠం. మీకు ఉత్తగ చెప్తున్న.

ఒక చివరి మాట. మా అత్తమ్మకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. నల్లగొండ నీళ్ళు తాగి పెరిగిన మనిషి, బొక్కలు వంగినయ్. గుట్టకు పోలేదు, చెలకకు పోలేదు. నిరుడు సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే కుర్చీ వేయించుకొని ఇంటి ముందల కూసున్నది. కూసున్న కాడనే చేయి చాపి తంగేడు పువ్వు తెంపి ఒళ్ళో వేసుకున్నది. బతుకమ్మ ఆమెనే పేర్చింది. గునుగు ఒక వరుస, తంగేడు ఒక వరుస, మీద పసుపు గౌరమ్మ. చెట్టు మీద పచ్చ సీతాకోకచిలుకలు తిరుగుతున్నయ్. నా బిడ్డ ఇప్పుడు తొమ్మిదిల ఉన్నది. అది నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఈసారి పువ్వు కొనలే" అన్నది. ఐదేండ్ల కింద అది అడిగిన దానికి నేను ఇయ్యని జవాబు అదే చెప్పింది.

అక్కలారా, బయట బల్ల మీద గింజల పొట్లాలు పెట్టిన. ఒక్కో సంఘానికి ఒక్కటి. పోయేటప్పుడు తీసుకపోండి. పొట్లం మీద నీళ్ళు ఎట్ల కాగబెట్టాలో రాసి ఉన్నది. చదువు రాని అక్కలు మీ వీఓఏతోని చదివించుకోండి. వచ్చే సభకు ఎన్ని మొలిచినయో లెక్క తెచ్చి చెప్పాలె. మొలవకపోయినా తెచ్చి చెప్పాలె. నా తీరు తప్పు చేస్తే కూడా లేచి నిలబడి చెప్పాలె.

 జై మహిళా సంఘం.